రాయల్ ఇంజినీర్స్ ఫుట్‌బాల్ జట్టు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎఫ్‌ఏ కప్ విజేతల జాబితాను ఈమధ్య సంవత్సరాల నుంచి వెనక్కి చదువుకుంటూ పోతే మాంచెస్టర్ యునైటెడ్, ఆర్సెనల్, చెల్సీ లాంటి తెలిసిన పేర్లన్నీ దాటాక, దాదాపు చివర్లో, 1875 దగ్గర ‘రాయల్ ఇంజినీర్స్’ అని కనిపిస్తుంది. క్విజ్‌లలో మంచి మంచి వాళ్లను బోల్తా కొట్టించే పేరు ఇది. వంతెనలు వేసే ఒక సైనిక దళం ఇంగ్లండ్‌లో అన్నిటికన్నా పాత ఫుట్‌బాల్ కప్పును ఎలా గెలిచింది, తర్వాత ఎటు పోయింది అని అడిగేవాళ్ల కోసం ఈ జవాబులు.

రాయల్ ఇంజినీర్స్ అంటే ఒక రెజిమెంటా?

వాడుకలో అలా అనేస్తారు గానీ, సైన్యం లెక్కలో అది ‘కోర్’, అంటే ఒక ప్రత్యేకమైన పని కోసం పెట్టిన విభాగం. వంతెనలు కట్టడం, సొరంగాలు తవ్వడం, రోడ్లు, రైలుమార్గాలు, సర్వేలు, కోటల నిర్మాణం వీళ్ల పని. సైన్యంలో వీళ్లను శాపర్లు అంటారు. బెంగళూరులో మద్రాస్ శాపర్లు, రూర్కీలో బెంగాల్ శాపర్లు ఉన్నారు కదా, వాళ్లు చేసే పనే వీళ్లదీ. మద్రాస్ శాపర్లలో తెలుగువాళ్లు చాలాకాలంగా ఉన్నారు కాబట్టి ఆ మాట మనకు మరీ కొత్తదేమీ కాదు.

జట్టు ఎప్పుడు, ఎక్కడ మొదలైంది?

1863లో, ఇంగ్లండ్‌కు ఆగ్నేయాన కెంట్ జిల్లాలో ఉన్న చాటమ్‌లో. లండన్‌లో ఫుట్‌బాల్ అసోసియేషన్ పుట్టిందీ ఆ ఏడాదే. చాటమ్‌లో శాపర్ల శిక్షణ కేంద్రం ఉండేది. వూల్విచ్‌లోని మిలిటరీ అకాడమీలో చదువు పూర్తయిన కుర్ర ఆఫీసర్లు ఇక్కడికి వచ్చి, ఇంజినీరింగ్ పని నేర్చుకుని, ఆపైన సామ్రాజ్యం ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్లేవాళ్లు. జట్టును ముందుండి నడిపించినవాడు ఫ్రాన్సిస్ మారిండిన్. ఆయన గురించి కింద విడిగా చెప్పాలి.

చాటమ్ సంగతి గుర్తు పెట్టుకోండి. ఈ జట్టు ఎదగడానికీ అదే కారణం, చెదిరిపోవడానికీ అదే కారణం.

మామూలు సిపాయిలు ఆడేవాళ్లా?

పేరు తెచ్చుకున్న 1870ల జట్టులో ఆడలేదు. ఫైనల్ జాబితాలు చూస్తే అందరూ ఆఫీసర్లే, ఎక్కువమంది లెఫ్టినెంట్లు, ఒకరిద్దరు కెప్టెన్లు. బాగా ఉన్నవాళ్ల పిల్లలు, ఈటన్ లాంటి ఖరీదైన బడుల్లో చదివినవాళ్లు. అప్పటి ఇంగ్లండ్‌లో అసోసియేషన్ ఫుట్‌బాల్ ఎక్కువగా దొరబాబుల ఆటే. కూలి పని చేసుకునేవాడికి శనివారం మధ్యాహ్నం సెలవు దొరకడమే అప్పుడప్పుడే మొదలైంది. సిపాయిలు ఆడి కప్పు గెలిచే రోజు శాపర్లకు కూడా వచ్చింది గానీ, అది 1908 నాటి మాట.

అప్పటి ఆట ఇప్పటి ఫుట్‌బాల్‌లాగే ఉండేదా?

చూస్తే గుర్తుపడతారు గానీ, తికమక పడతారు. గోల్‌పోస్టుల పైన అడ్డకర్ర లేదు, ఎనిమిది అడుగుల ఎత్తులో ఒక టేపు కట్టేవాళ్లు. పెనాల్టీ కిక్ లేదు. సబ్‌స్టిట్యూట్ లేడు. కాలు విరిగినా చెయ్యి విరిగినా మిగిలినవాళ్లతోనే ఆట. గోల్ పడిన ప్రతిసారీ రెండు జట్లూ వైపులు మార్చుకోవాలి. వినడానికి చిన్న విషయమే, కానీ 1875 ఫైనల్‌ను ఈ నియమం కొంచెంలో తలకిందులు చేసేది.

‘కాంబినేషన్ గేమ్’ అంటే ఏమిటి? పాసింగ్‌ను కనిపెట్టింది వీళ్లేనా?

ఈ జట్టు గురించి ఎక్కువ వాదన జరిగేది ఇక్కడే.

1860లలో బంతి దొరికినవాడు తల వంచుకుని డ్రిబుల్ చేసుకుంటూ, అంటే బంతిని కాలితో తోసుకుంటూ, పోయేవాడు. అతని వెనకాల తోటివాళ్లు గుంపుగా పరుగెత్తేవాళ్లు. బంతి జారిపోతే వెనక ఉన్నవాడు అందుకుని మళ్లీ అదే పని. జట్టులో ఏడెనిమిది మంది ఫార్వర్డ్‌లే ఉండేవాళ్లు. బంతిని పక్కవాడికి ఇచ్చేయడం చేతకానితనం అనుకునే రోజులవి.

ఇంజినీర్లు ఈ పద్ధతి మార్చారు. డ్రిబుల్ చేసేవాడికి ఎదురుగా మనిషి రాగానే బంతి పక్కవాడికి వెళ్లిపోవాలి, ఇచ్చినవాడు ఖాళీలోకి పరుగెత్తాలి. దీనికే కాంబినేషన్ అని పేరు పడింది. 1895 నుంచి 1934 దాకా ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శిగా ఉన్న ఫ్రెడరిక్ వాల్ కుర్రతనంలో ఈ ఆటలు చూసినవాడు. ఈ పద్ధతిని తెచ్చింది 1870ల తొలినాటి రాయల్ ఇంజినీర్సేనని తన జ్ఞాపకాల్లో రాశాడు.

వాళ్లకే ఎందుకు తట్టింది? నాకు కనిపించే కారణం ఒకటే. ఆనాటి పెద్ద జట్టు వాండరర్స్‌కు సొంత మైదానం కూడా ఉండేది కాదు. రకరకాల బడుల పూర్వ విద్యార్థులు ఆట రోజున కలుసుకునేవాళ్లు, ఒక్కోసారి పదకొండు మంది కూడా పోగయ్యేవాళ్లు కాదు. చాటమ్‌లో అలా కాదు. ఒకే బ్యారక్స్, ఒకే మెస్సు, ఒకే క్లాసు, ఒకే డ్రిల్లు. పొద్దున్నుంచి రాత్రి దాకా కలిసి తిరిగేవాడు ఎటు పరుగెత్తుతాడో చూడకుండానే తెలుస్తుంది. ఇలాంటి చోట పాసింగ్ పుట్టడంలో వింతేముంది?

అయితే ఘనతంతా వీళ్ల ఖాతాలో వేసేస్తే గ్లాస్గోవాళ్లు ఊరుకోరు. అక్కడి క్వీన్స్ పార్క్ జట్టు కూడా దాదాపు అదే కాలంలో పాసింగ్ ఆట ఆడింది. 1872 నవంబరు 30న స్కాట్లాండ్, ఇంగ్లండ్ మధ్య జరిగిన తొలి అధికారిక అంతర్జాతీయ మ్యాచ్‌లో స్కాట్లాండ్ తరఫున దిగిన పదకొండు మందీ క్వీన్స్ పార్క్ వాళ్లే. షెఫీల్డ్‌కు కూడా ఇందులో వాటా ఉంది. ‘కనిపెట్టింది ఫలానావాళ్లు’ అని తేల్చేసే రాతల్ని నమ్మకండి. ఇంగ్లండ్‌లో దాన్ని పద్ధతిగా ఆడి చూపించి, ఊరూరా తిప్పిన పేరు మాత్రం ఇంజినీర్లదే. 1873 డిసెంబరులో వాళ్లు షెఫీల్డ్, డెర్బీ, నాటింగ్‌హామ్ వెళ్లి ఆడి వచ్చారు. ఒక ఫుట్‌బాల్ క్లబ్బు చేసిన తొలి టూర్‌గా దీన్ని చెప్పుకుంటారు.

మొదటి ఎఫ్‌ఏ కప్ ఫైనల్లో ఏం జరిగింది?

ఓడిపోయారు, అదీ గెలుస్తారని అందరూ అనుకున్న మ్యాచ్‌లో.

1871 జులైలో ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి చార్ల్స్ ఆల్కాక్ కప్పు ఆలోచన ముందు పెట్టాడు, 15 జట్లు పేర్లిచ్చాయి. ఇంజినీర్లు సెమీఫైనల్లో క్రిస్టల్ ప్యాలెస్‌తో 0-0 డ్రా చేసుకుని, మళ్లీ ఆడి 3-0తో గెలిచారు. ఈ ప్యాలెస్ వేరు, ఇప్పటి క్లబ్బు 1905లో పుట్టింది. రెండో సెమీఫైనల్ కథ ఇంకా తమాషాగా ఉంటుంది. వాండరర్స్, క్వీన్స్ పార్క్ డ్రా చేసుకున్నాక, మళ్లీ లండన్ వచ్చే ఖర్చులు లేక గ్లాస్గోవాళ్లు తప్పుకున్నారు. అలా ఆల్కాక్ సొంత జట్టు ఫైనల్‌కు వచ్చేసింది.

1872 మార్చి 16న లండన్‌లోని కెన్నింగ్టన్ ఓవల్. అవును, క్రికెట్ ఆడే ఓవలే. టికెట్టు ఒక షిల్లింగు, వచ్చినవాళ్లు సుమారు 2,000 మంది. పందేలు కాసేవాళ్లు ఇంజినీర్ల వైపే మొగ్గారు. టాస్ ఆల్కాక్ గెలిచి, ఎండా గాలీ ఇంజినీర్ల మొహానికి కొట్టేలా వైపు ఎంచుకున్నాడు.

ఆట మొదలై పది నిమిషాలైందో లేదో లెఫ్టినెంట్ ఎడ్మండ్ క్రెస్వెల్ కాలర్ బోన్ విరిగింది. మెడ కింద భుజం వైపు పోయే ఈ ఎముక విరిగితే చెయ్యి పైకి లేవదు, ఊపిరి గట్టిగా తీసినా నొప్పే. అతను మైదానం వదలలేదు. ఒక పక్కన నిలబడి చివరిదాకా ఆడాడు. ధైర్యం సంగతి సరే, జట్టుకు మాత్రం పది మందితో ఆడినంత పనైంది. కాసేపటికే మోర్టన్ బెట్స్ గోల్ కొట్టాడు. ఆ రోజు ఒక్క గోలే పడింది. వాండరర్స్ 1, ఇంజినీర్స్ 0. గోల్‌కీపర్ కెప్టెన్ విలియం మెర్రిమన్ లేకపోతే తేడా ఇంకా పెద్దదయ్యేది.

బెట్స్ ఆ రోజు సొంత పేరుతో ఆడలేదు. ‘ఏ.హెచ్. చెకర్’ అని రాయించుకున్నాడు. అతని పాత క్లబ్బు హారో చెకర్స్, ఆ టోర్నమెంటు నుంచి తప్పుకున్న జట్టు. ఎఫ్‌ఏ కప్ ఫైనల్ చరిత్రలో తొలి గోలు ఒక మారుపేరు మీద నమోదైందన్నమాట.

1874లో?

మళ్లీ ఫైనల్, మళ్లీ ఓవల్, మళ్లీ ఓటమి. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ 2-0తో గెలిచింది. ఇంజినీర్లకు హెర్బర్ట్ రాసన్ ఆడితే, అతని తమ్ముడు విలియం రాసన్ ఆక్స్‌ఫర్డ్ వైపు ఆడాడు. ఫైనల్లో అన్నదమ్ములు ఎదురెదురుగా దిగడం అదే మొదలు.

మరి కప్పు గెలిచింది ఎలా?

1875 మార్చిలో, ఈటన్ పూర్వ విద్యార్థుల జట్టు ఓల్డ్ ఈటోనియన్స్ మీద. మొదటి మ్యాచ్ 13న. ఆ రోజు ఓవల్‌లో విపరీతమైన గాలి. గాలి వెనక ఉన్న జట్టుకు బంతి దానంతట అదే ముందుకు పోతుంది, ఎదురున్నవాళ్లు కొట్టిన బంతి వాళ్ల దగ్గరికే తిరిగొస్తుంది. గోల్ పడితే వైపులు మారాలన్న నియమం ఇక్కడ పని చేసింది. మొదట ఈటోనియన్స్ గోల్ వేశారు, వైపులు మారాయి. కొద్దిసేపట్లోనే హెన్రీ రెన్నీ-టెయిల్యూర్ సమం చేశాడు, వైపులు మళ్లీ మారాయి. దాంతో మ్యాచ్‌లో ఎక్కువ భాగం గాలి ఈటోనియన్స్ వెనకాలే ఉంది. గోల్ కొట్టడమే శిక్షలా తయారైన మ్యాచ్ అది. అదనంగా అరగంట ఆడించినా 1-1 దగ్గరే నిలిచిపోయింది.

మూడు రోజుల తర్వాత, 16న, రీప్లే. ఈటోనియన్స్‌కు మొదటి మ్యాచ్‌లో ఆడిన నలుగురు రాలేదు. వాళ్లలో దెబ్బ తగిలిన కత్‌బర్ట్ ఒటవే ఒకడు, ఇంగ్లండ్ జట్టు తొలి కెప్టెన్ అతనే. సైన్యానికి ఆ బాధ లేదు. అదే పదకొండు మంది వచ్చి నిలబడ్డారు. 2-0. రెన్నీ-టెయిల్యూర్ ఈసారీ గోల్ కొట్టాడు. కెప్టెన్ మెర్రిమన్ మూడో ఫైనల్లో కప్పు అందుకున్నాడు.

ఈ గెలుపులో అదృష్టం ఎంత అని అడిగితే, కొంచెం ఉంది. అయితే మంగళవారం నాడు పదకొండు మందినీ మళ్లీ మైదానానికి తీసుకురాగలగడం కూడా ఒక బలమే కదా.

1878 ఫైనల్ గురించి ఎవరూ పెద్దగా చెప్పరెందుకు?

చెప్పుకోవడానికి పెద్దగా లేదు కాబట్టి. వాండరర్స్ 3-1తో సులువుగా గెలిచి, వరసగా మూడోసారి కప్పు పట్టుకుపోయారు. ఈసారి ఎముక విరిగింది వాండరర్స్‌లో. వాళ్ల గోల్‌కీపర్ జేమ్స్ కర్క్‌పాట్రిక్ చెయ్యి విరిగినా గోల్ వదిలి పోలేదు. ఏడేళ్లలో నాలుగు ఫైనళ్లు ఆడిన ఇంజినీర్లకు అదే ఆఖరిది.

మారిండిన్ ఎవరు?

1838లో పుట్టాడు, ఈటన్‌లో చదివాడు, క్రిమియా యుద్ధంలో పని చేశాడు. 1872, 1874 ఫైనళ్లలో ఇంజినీర్ల తరఫున ఆడాడు. 1875 ఫైనల్లో లేడు. తను చదివిన బడి పూర్వ విద్యార్థులు ఒకవైపు, తన దళం ఒకవైపు ఉన్న మ్యాచ్ అది. ఎటూ తేల్చుకోలేక తప్పుకున్నాడని కథగా చెప్పుకుంటారు. కథ నిజమైనా కాకపోయినా, వినడానికి బాగుంటుంది.

1874 నుంచి 1890 దాకా ఫుట్‌బాల్ అసోసియేషన్ అధ్యక్షుడు ఆయనే. 1880లోనూ, 1884 నుంచి 1890 దాకా ఏటా కూడా ఫైనల్‌కు రిఫరీ. అధ్యక్షుడే రిఫరీగా నిలబడటం ఇప్పుడు ఊహించుకోండి! ఉద్యోగరీత్యా రైల్వే ఇన్‌స్పెక్టరు. ప్రమాదాలు జరిగితే వెళ్లి విచారించి రిపోర్టు రాయడం ఆయన పని. డబ్బు తీసుకుని ఆడటం ఆయనకు నచ్చేది కాదు, కానీ 1885లో ప్రొఫెషనలిజాన్ని అనుమతించింది మాత్రం ఆయన అధ్యక్షుడిగా ఉండగానే.

ఈ జట్టుకు భారతదేశంతో ఏమైనా సంబంధం ఉందా?

చాలా దగ్గరి సంబంధం. హెన్రీ రెన్నీ-టెయిల్యూర్ పుట్టింది ముస్సోరీలో, 1849లో. ఒక్క మనిషి ఇన్ని ఆటలు ఎలా ఆడాడా అనిపిస్తుంది. స్కాట్లాండ్‌కు రగ్బీ ఆడాడు, ఫుట్‌బాల్ ఆడాడు, కెంట్‌కు క్రికెట్ ఆడాడు. 1880లో చాటమ్‌లో సివిల్ సర్వీస్ జట్టు మీద శాపర్ల తరఫున 331 నాటౌట్ కొట్టాడు. సైన్యం వదిలాక డబ్లిన్‌లో గిన్నిస్ బీరు కంపెనీకి మేనేజింగ్ డైరెక్టర్ అయ్యాడు.

1873 మార్చి 8న ఓవల్‌లో ఇంగ్లండ్ 4-2తో స్కాట్లాండ్‌ను ఓడించిన మ్యాచ్‌లో, స్కాట్లాండ్ అంతర్జాతీయ ఫుట్‌బాల్ చరిత్రలో తొలి గోలు అతనిదే. అదే మ్యాచ్‌లో ఇంగ్లండ్ వైపు ఇద్దరు శాపర్లున్నారు: ఆల్ఫ్రెడ్ గుడ్విన్, పెల్హామ్ వాన్ డోనప్. చాటమ్‌లో ఒకే మెస్సులో తిన్న ముగ్గురు ఆ పూట రెండు దేశాలుగా చీలి ఆడారన్నమాట. వాన్ డోనప్ గురించి ఒక కొసరు: హాస్య రచయిత పి.జి. వుడ్‌హౌస్ పేరులోని ‘పి’ పెల్హామే. వాన్ డోనప్ ఆయనకు గాడ్‌ఫాదర్, అంటే బాప్తిజంలో పెద్దగా నిలబడినవాడు. ఆ పేరే పిల్లవాడికి పెట్టారు.

గుడ్విన్ కథ బాధగా ఉంటుంది. పుట్టింది రూర్కీలో. 1872 ఫైనల్ ఆడాడు, మరుసటి ఏడాది ఇంగ్లండ్‌కు ఆడాడు, తర్వాత ఇండియాకు వచ్చాడు. 1874 మార్చిలో, స్నేహితులు ఓవల్‌లో ఆక్స్‌ఫర్డ్‌తో ఫైనల్ ఆడిన రోజుల్లోనే, రూర్కీలోనే చనిపోయాడు. అప్పటికి వయసు 24. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అంతర్జాతీయ ఆటగాళ్లలో అందరికన్నా ముందు పోయినవాడు అతనే.

అంత మంచి జట్టు ఎందుకు తెరమరుగైంది?

పోస్టింగులు. చాటమ్‌లో రెండు మూడేళ్లు కలిసి ఉన్న కుర్రాళ్లకు ఆర్డరు రాగానే ఒకడు ఇండియాకు, ఒకడు ఆఫ్రికాకు, ఇంకొకడు జిబ్రాల్టర్‌కు. కలిసి బతకడం వల్ల వచ్చిన ఆట, విడిపోగానే పోయింది. మళ్లీ కొత్త బ్యాచ్‌తో మొదటి నుంచి మొదలు. 1870ల చివర అఫ్ఘనిస్థాన్‌లో, దక్షిణాఫ్రికాలో యుద్ధాలు కూడా వచ్చాయి.

ఇంకో పక్క ఆటే మారిపోయింది. 1883లో బ్లాక్‌బర్న్ ఒలింపిక్ అనే మిల్లు పట్నం జట్టు ఓల్డ్ ఈటోనియన్స్‌ను ఫైనల్లో ఓడించింది. నేతపనివాళ్లు, ప్లంబర్లు ఉన్న జట్టు అది. రెండేళ్లకు జీతాలు ఇవ్వడం చట్టబద్ధమైంది, 1888లో ఫుట్‌బాల్ లీగ్ మొదలైంది. వారమంతా ఆటే పనిగా ఉన్నవాళ్ల ముందు పరేడ్ అయ్యాక ఆడే ఆఫీసర్లు ఎక్కడ నిలబడతారు? సైన్యం తన లోకంలోకి తను వెళ్లిపోయింది. 1888లో ఆర్మీ ఫుట్‌బాల్ అసోసియేషన్ ఏర్పడి, రెజిమెంట్ల మధ్య ఆర్మీ కప్ పెట్టారు.

అక్కడ మాత్రం ఫుట్‌బాల్ ఆఫీసర్ల చేతిలోంచి సిపాయిల చేతిలోకి వచ్చింది. 1908లో రాయల్ ఇంజినీర్స్ డిపో బెటాలియన్ స్టాక్‌టన్‌ను 2-1తో ఓడించి, జీతం లేకుండా ఆడే జట్ల కోసం పెట్టిన ఎఫ్‌ఏ అమెచ్యూర్ కప్ గెలిచింది. 1875 కప్పు అందరికీ గుర్తుంది, ఇది ఎవరికీ గుర్తులేదు. నన్నడిగితే దీనికీ అంతే విలువ ఉంది.

ఆర్సెనల్ కూడా సైనిక జట్టేనా?

కాదు. ‘గన్నర్స్’ అనే ముద్దుపేరు, చిహ్నంలో ఫిరంగి చూసి చాలామంది అలా అనుకుంటారు. 1886లో ఆ జట్టును పెట్టింది వూల్విచ్‌లో ఫిరంగులు, మందుగుండు తయారు చేసే ప్రభుత్వ కర్మాగారంలోని కార్మికులు. పోర్ట్స్‌మత్‌కు మాత్రం సైనిక జట్టుతో కొంచెం సంబంధం ఉంది. ఆ ఊళ్లో రాయల్ ఆర్టిలరీ జట్టుకు మంచి పేరుండేది. డబ్బు వ్యవహారంలో అమెచ్యూర్ నిబంధన తప్పారని అధికారులు చర్య తీసుకోవడంతో అది దెబ్బతింది. 1898లో పుట్టిన పోర్ట్స్‌మత్ క్లబ్బుకు అభిమానులు తేలిగ్గానే దొరికారు.

మన దేశంలో ఆడిన బ్రిటిష్ రెజిమెంట్ల సంగతేమిటి?

ఇది విడిగా ఒక పెద్ద పేజీకి సరిపడా విషయం, ఇక్కడ నాలుగు ముక్కలు చాలు. 1888లో సిమ్లాలో, అప్పటి విదేశాంగ కార్యదర్శి మార్టిమర్ డ్యురాండ్ పేరు మీద డ్యురాండ్ కప్ మొదలైంది. తొలి ఫైనల్లో రాయల్ స్కాట్స్ ఫ్యుజిలియర్స్ 2-1తో హైలాండ్ లైట్ ఇన్‌ఫాంట్రీని ఓడించారు. మొదట్లో అది అచ్చంగా సైన్యం కప్పే. 1911 జులై 29న కలకత్తాలో మోహన్ బాగాన్ ఆటగాళ్లు, ఎక్కువమంది వట్టి కాళ్లతో, ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను 2-1తో ఓడించి ఐఎఫ్‌ఏ షీల్డ్ గెలిచారు. డ్యురాండ్ కప్ ఒక భారతీయ జట్టుకు దక్కడానికి 1940 దాకా ఆగాల్సి వచ్చింది. మొహమ్మడన్ స్పోర్టింగ్ రాయల్ వార్విక్‌షైర్ రెజిమెంట్‌ను ఓడించింది.

తర్వాత పదేళ్లకే మనవాళ్ల వంతు వచ్చింది. 1950లో హైదరాబాద్ పోలీస్ జట్టు మోహన్ బాగాన్‌ను ఓడించి ఆ కప్పు తెచ్చింది. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన నేర్పిందీ చిన్న పాసుల ఆటే. ఒకే లైన్లలో ఉండి, ఒకే గ్రౌండులో రోజూ ప్రాక్టీసు చేసే యూనిఫాం జట్టు అది. చాటమ్ గురించి పైన చెప్పిన కారణం ఇక్కడా గుర్తొస్తుంది నాకు.

జట్టు ఇప్పుడూ ఉందా?

ఉంది. సైన్యం లోపలి పోటీల్లో ఆడుతుంది. 2012 నవంబరులో, తొలి ఫైనల్‌కు 140 ఏళ్లు నిండిన సందర్భంగా, మళ్లీ పెట్టిన వాండరర్స్ క్లబ్బుతో ఓవల్‌లోనే ఒక మ్యాచ్ ఆడింది. ఈసారి ఇంజినీర్స్ 7-1తో గెలిచారు. పాత బాకీ వడ్డీతో సహా తీరింది.

1875లో గెలిచిన ఆ కప్పు ఎక్కడుంది?

ఎక్కడా లేదు. 20 పౌండ్లకు చేయించిన ఆ చిన్న వెండి కప్పును ‘బుల్లి తగరపు బొమ్మ’ అని వెటకారంగా పిలిచేవాళ్లు. 1895లో గెలిచిన ఆస్టన్ విల్లా దాన్ని బర్మింగ్‌హామ్‌లో బూట్లు అమ్మే ఒక దుకాణం కిటికీలో ప్రదర్శనకు పెట్టించింది. ఆ సెప్టెంబరులో దొంగలు రాత్రికి రాత్రి ఎత్తుకుపోయారు. విల్లాకు 25 పౌండ్ల జరిమానా పడింది, ఆ డబ్బుతో కొత్తది చేయించారు.